అమెరికాల తమ్ముడు రోజూ డబ్బా చిల్లీ తింటుండు, అసలు అందుల ఏముంటది?

నల్లగొండ_అక్క
మా తమ్ముడు డల్లాస్ దిక్కు ఎమ్మెస్ చదువుతుండు, పోయి పద్నాలుగు నెలలాయె. మొన్న ఆదివారం వీడియో కాల్‌ల చూస్తే గిన్నెల ఎర్రగ చిక్కగ ఏందో తింటుండు. ఏందిరా అది అంటే "చిల్లీ అక్కా, డబ్బాల వస్తది, మైక్రోవేవ్‌ల రెండు నిమిషాలు పెడితే అయిపాయె" అన్నడు. మా అమ్మ పక్కనే ఉన్నది, చిల్లీ అంటే మిరపకాయలే అనుకొని "ఒట్టి మిరపకాయలు తింటే పేగులు కాల్తయి కొడుకా" అని ఒకటే లొల్లి. తీరా చూస్తే అది ఖీమా, రాజ్మా, టమాట కలిపి వండిన కూరంట. వారంల ఐదు రాత్రులు ఒక్కో డబ్బా మొత్తం ఊడ్చి తింటుండు, అడిగితే "ప్రొటీన్ అక్కా ప్రొటీన్" అంటడు. నా భయం ఏందంటే పోయిన నెల వాళ్ల కాలేజీల చెకప్ చేస్తే బీపీ 142/92 వచ్చిందట, వానికి 25 ఏండ్లే, మా నాయనకు కూడా బీపీ ఉన్నది. లేబుల్ ఫోటో పంపుమన్న, పంపిండు. సర్వింగ్ 1 కప్పు అంటే 245 గ్రాములు, కేలరీలు 290, కొవ్వు 14 గ్రాములు అండ్ల సాచురేటెడ్ 6, సోడియం 1200 మిల్లీగ్రాములు, పిండిపదార్థం 30, ఫైబర్ 8, ప్రొటీన్ 15. తెలిసినోళ్లు జర చెప్పండి, తినొచ్చునా ఒద్దా.

సూర్యాపేట_బుల్లెట్
డబ్బాల కూర రెండేండ్లు ఖరాబ్ కాకుండ ఉంటదంటే మందు కలపకుండ ఎట్లుంటది అక్కా. మొత్తం ప్రిజర్వేటివ్‌లే. బంద్ పెట్టియ్యి.

జొన్నరొట్టె_బ్యాచ్
25 ఏండ్లకు 142 నా. మా ఊర్ల ముసలోళ్లకు కూడ లేదు గంత

రిటార్ట్_రెడ్డి
బుల్లెట్ తమ్మీ, నేను ఫుడ్ ఫ్యాక్టరీల పదకొండేండ్లు చేసిన, డబ్బా నిలవ ఉండేది మందుతోని కాదు, వేడితోని. కూర నింపి, మూత సీల్ చేసి, సీల్ చేసినంక డబ్బాను అట్లనే రిటార్ట్ అని పెద్ద కుక్కర్ల పెట్టి 121 డిగ్రీల దాక ఎక్కిస్తరు. లోపల క్రిములు చస్తయి, సీల్ ఉన్నది కాబట్టి బయటియి లోపలికి రావు, కథ అంతే. మనింట్ల ప్రెషర్ కుక్కర్ 15 పౌండ్ల ప్రెషర్ మీద ఉన్నప్పుడు లోపల వేడి దాదాపు గంతే ఉంటది. మీ ఇంట్ల కుక్కర్ మూత సీల్ కాదు కాబట్టి మర్నాడు పప్పు పులుస్తది, డబ్బాల పులవది. ఆ వేడికి విటమిన్ సి, బి1 కొంత పోతయి, అది నిజమే. ప్రొటీన్, ఫైబర్, ఐరన్ ఎక్కడికీ పోవు.

సూర్యాపేట_బుల్లెట్
సరే అన్నా మందు లేదు. మరి బీపీ ఎందుకొచ్చింది

పాలమూరు_కాక
ఎందుకొచ్చిందో లేబుల్ మీద మొదటి లైన్లనే ఉన్నది, ఎవ్వరూ చూస్తలేరు. "సర్వింగ్ 1 కప్పు". పిల్లగాడు తినేది కప్పు కాదు, డబ్బా. డబ్బాల రెండు సర్వింగులు ఉంటయి. అంటే సోడియం 1200 కాదు, 2400. వాడు లేబుల్ చూసి ప్రొటీన్ లెక్క పెట్టుకునేటప్పుడు డబ్బా లెక్క పెడ్తడు, ఉప్పు లెక్క వచ్చేసరికి కప్పు లెక్క. నా కొడుకు కూడ గిట్లనే చేస్తడు మార్కుల విషయంల.

నల్లగొండ_అక్క
కాకా మార్కుల మాట 😄 మావోడు కూడ అదే అన్నడు, "సోడియం 52 శాతమే కదా అక్కా, సగమే" అని

లెక్కల_మాస్టర్_నకిరేకల్
కాక చెప్పిన దాంట్ల ఒక తప్పు. అక్కడ "సుమారు 2" అని రాస్తరు, సుమారు. అక్కా డబ్బా మొత్తం బరువు ఎంతున్నదో చూడమనండి, 425 గ్రాములు ఉంటే 425ని 245తో భాగించండి, 1.73 వస్తది. అంటే డబ్బాకు సోడియం 2076, కేలరీలు 500, కొవ్వు 24, సాచురేటెడ్ 10 చిల్లర, ఫైబర్ 14, ప్రొటీన్ 26. 2400 కాదు.

పాలమూరు_కాక
2076 అయితే పరమాన్నమా మాస్టారూ

లెక్కల_మాస్టర్_నకిరేకల్
కాదు. కానీ తప్పు తప్పే.

నల్లగొండ_అక్క
425 గ్రాములే ఉన్నదట మాస్టారూ, ఇప్పుడే మెసేజ్ పెట్టిండు. అక్కడ పొద్దు ఇంకా తెల్లారలే, నన్ను తిట్టుకుంటుండొచ్చు

స్టాఫ్_నర్స్_నాగర్‌కర్నూల్
సోడియం అంటే చాలామందికి అర్థం కాదు, అందుకే దాన్ని ఉప్పులకు మార్చుకోండి, రెండున్నరతో గుణిస్తే సరిపోతది. 2076 సోడియం అంటే 5 గ్రాముల పైన ఉప్పు. డబ్ల్యూహెచ్‌ఓ పెద్దోళ్లకు రోజు మొత్తానికి చెప్పేది 2000 మిల్లీగ్రాముల లోపల సోడియం, అంటే 5 గ్రాముల లోపల ఉప్పు. అమెరికా లేబుల్ల శాతాలు 2300 మీద కడ్తరు. ఎట్ల చూసినా మీవోడు ఒక్క రాత్రి తిండిల రోజు కోటా అంత ఉప్పు తింటుండు, పొద్దున, మధ్యాహ్నం తిన్నది దీని మీద అదనం. నాయనకు బీపీ ఉన్న ఇంట్ల పిల్లలు ఇంకా జాగ్రత్తగ ఉండాలె. కానీ ఒక్కసారి చూసిన బీపీ పట్టుకొని బీపీ ఉన్నదని అనరు, ఉరికొచ్చి కుర్చీల కూసున్నా పెరుగుతది. ఐదు నిమిషాలు ఊకె కూసొని, వేర్వేరు రోజులల్ల చూపించుకోమనండి. అక్కడ 2017 నుంచి 130/80 దాటితేనే ఎక్కువ కింద లెక్క. అందుకే డాక్టర్ దగ్గరికి ఒకసారి పోతే మంచిది, ఇన్సూరెన్స్ ఉంటది కదా.

జొన్నరొట్టె_బ్యాచ్
గింత రాసినవు గానీ అక్కా, అది ఏం మాంసం? పెద్దకూరనా?

నల్లగొండ_అక్క
లేబుల్ మీద బీఫ్ అనే ఉన్నది. అమ్మకు చెప్పలే, అడిగితే ఖీమా అన్న. ఇక్కడ కూడ అదే అనుకోండి ప్లీజ్

దేవరకొండ_డప్పు
మా ఇంట్ల పండుగకు పెద్దకూరే వండుతం, అందుల దాసుకునేదేముంది. తినేటోడు తింటడు లేనోడు మానుతడు. అక్క అడిగింది కులం లెక్క కాదు, ఉప్పు లెక్క, దాని మీదనే ఉందాం.

జొన్నరొట్టె_బ్యాచ్
తప్పు అడగలేదు అన్నా, కొవ్వు ఎంతుంటదో తెలుస్తదని అడిగిన

దేవరకొండ_డప్పు
సరే సరే. కొవ్వు మాటంటే, కొవ్వు తీసిన మాంసం వేరు, ఫ్యాక్టరీ ఖీమా వేరు. కప్పుకు సాచురేటెడ్ 6 అంటే డబ్బాకు పదిపైనే, అక్కడ రోజుకు చెప్పేది 20 లోపల.

వనపర్తి_టు_హ్యూస్టన్
నేను టెక్సాస్‌లనే ఉంట. ఇక్కడ చిల్లీ అంటే పిచ్చి, 1977ల రాష్ట్రం అధికారిక వంటకం అని ప్రకటించిన్రు. టెక్సాస్ పాతోళ్ల ముందట చిల్లీల బీన్స్ వేస్తరు అని అంటే హైదరాబాదోని ముందట బిర్యానీల టమాట సాస్ పోసుకున్నట్టు చూస్తరు. డబ్బాలు మాత్రం రెండు రకాలు, బీన్స్ ఉన్నది, లేనిది. బీన్స్ లేనిదాంట్ల మాంసం ఎక్కువ, కొవ్వు కూడ ఎక్కువ, ఫైబర్ దాదాపు పోతది. ఇక్కడ రూల్ కూడ ఉన్నది, "చిల్లీ కాన్ కార్నే" (మాంసం చిల్లీ) అని రాస్తే పచ్చి మాంసం లెక్కన కనీసం 40 శాతం ఉండాలె, "విత్ బీన్స్" అని రాస్తే 25 శాతం ఉంటే చాలు. నీ తమ్ముని డబ్బాల బీన్స్ ఉన్నయి కాబట్టి 425కు 106 గ్రాముల మాంసం ఉంటే రూల్ అయిపాయె. మిగిలింది బీన్స్, నీళ్లు, టమాట, పిండి. చిక్కగ కనిపించేది కొంత ఆ పిండితోనే. ఇంకోటి, తలకాయ మాంసం, దవడ మాంసం, గుండె కూడ మాంసం లెక్కల పావు వంతు దాక వెయ్యొచ్చు, లేబుల్ మీద పేరు రాస్తే.

సూర్యాపేట_బుల్లెట్
మనం తలకాయ కూరకు ఎక్కువ పైసలిచ్చి కొంటం, వాళ్లు రూల్ పెట్టి పావు వంతే అంటున్రు. అన్యాయం

రిటార్ట్_రెడ్డి
బోటి డబ్బా ఎవరన్నా పెడితే నేను పెట్టుబడి పెడ్త

ఆవకాయ_వకీల్
అందరూ డబ్బా మీద పడ్డరు కాబట్టి దాని తరఫున నేను మాట్లాడ్త. ఆ పిల్లగాడు రాత్రి పన్నెండుకు షిఫ్ట్ దిగి వచ్చి తింటుంటడు, గ్యాస్ స్టేషన్ల పనిచేసి. డబ్బాకు 26 గ్రాముల ప్రొటీన్ వస్తుంది, మన ఎన్‌ఐఎన్ (హైదరాబాద్ల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ) లెక్క కిలో బరువుకు 0.83 గ్రాములు, 65 కిలోల మనిషికి 54, అంటే ఒక్క డబ్బాల సగం దొరికినట్టే. ఫైబర్ 14, అక్కడ రోజుకు చెప్పేది 28, సగం. ఇక్కడ తెల్లన్నం, పచ్చిపులుసు తిని ఎవరు తింటున్రు గంత ఫైబర్? మాంసం పక్కన ఉంటే బీన్స్ ఐరన్ ఒంటికి ఎక్కువ పడ్తది కూడ. బర్గర్ కంటే వెయ్యి రెట్లు నయం. ఇక ఉప్పు అంటరా, మీ ఇండ్లల్ల తొక్కు లెక్క కట్టిన్రా ఎప్పుడన్నా? మా అమ్మ కిలో మామిడికాయ ముక్కలకు 200 గ్రాముల ఉప్పు పోస్తది, 200 కారం, 150 ఆవపిండి, 150 అల్లం ఎల్లిగడ్డ, 300 నూనె. మొత్తం రెండు కిలోలు. అందుల ఉప్పు పదో వంతు. పెద్ద చెంచా అంటే 20 గ్రాములు వేసుకుంటే 2 గ్రాముల ఉప్పు, 800 సోడియం. మూడు పూటలు అన్నంల చెంచా చెంచా కలుపుకునేటోళ్లం మనం డబ్బాను తిడ్తున్నం.

లెక్కల_మాస్టర్_నకిరేకల్
లెక్క కరెక్ట్.

పాలమూరు_కాక
లెక్క కరెక్టే గానీ వకీల్ సాబ్, తొక్కు చెంచా పక్కకు పెట్టుకునేది, ఎక్కువైతే తియ్యొచ్చు. డబ్బాల ఉప్పు కూరల కలిసిపోయింది, తియ్యనీకి రాదు. అది తేడా

దేవరకొండ_డప్పు
కాక చెప్పింది నిజం. మా అమ్మ ఒట్టి తునకలు చేసేది. మాంసం పొడుగ్గ తీగల లెక్క కోసి, ఉప్పు, పసుపు పట్టించి, ఇంటెనుక తాడు మీద బట్టలు ఆరేసినట్టు ఆరేసేది. కాకులు రాకుండ కట్టె పట్టుకొని కూసునేది నేనే, ఏడెనిమిదేండ్లు ఉంటయి నాకు. ఆ ఉప్పు డబ్బా ఉప్పు కంటే తక్కువేం కాదు. కానీ వండేటప్పుడు రాత్రి నానబెట్టి, పొద్దున రెండు మూడు నీళ్లు కడిగి పిండేది, ఆ నీళ్లు నాలికె మీద పెడితే సముద్రమే. ఉప్పు నీళ్లల్ల పోయేది, తునక మిగిలేది. ఈ చిల్లీని కడిగితే కూర మొత్తం పోతది.

వనపర్తి_టు_హ్యూస్టన్
ఉత్త బీన్స్ డబ్బా అయితే కడగొచ్చు. నీళ్లు వంచేసి కుళాయి కింద కడిగితే సోడియం 40 శాతం దాక పోతది. చిల్లీకి ఆ వీలు లేదు

దుబాయ్_రిటన్_జడ్చర్ల
డబ్బాల తిండి గురించి నేను చెప్పాలె, తొమ్మిదేండ్లు తిన్న. క్యాంపుల ఒక్క రూముకు ఎనిమిది మంది, పాలమూరోళ్లం ఐదుగురం. పొద్దున నాలుగింటికి బస్సు, వండనీకి టైం ఎక్కడిది, ఫూల్ అని బాకలా గింజల డబ్బా విప్పి, కుబ్బూసు రొట్టెతోని తినేది. నాకు తెలిసిన సంగతి ఒకటే, ఉబ్బిన డబ్బా ముట్టొద్దు. ఒకనాడు మా రూముల ఒకడు ఉబ్బిన డబ్బాకు చాకు పొడిచిండు, పిచికారీ లెక్క కొట్టింది గోడకు, ఆ వాసనకు రాత్రి బయట పండుకున్నం. తమ్మునికి చెప్పు, ఉబ్బింది, అంచు కాడ సొట్టపడ్డది, తుప్పుపట్టి కారేది కొనొద్దు అని.

రిటార్ట్_రెడ్డి
జడ్చర్ల అన్న చెప్పింది ఆషామాషీ కాదు. 2007ల అమెరికాలనే డబ్బా చిల్లీ సాస్ తిని కొందరికి బోట్యులిజం అని క్రిముల విషంతోని వచ్చే జబ్బు వచ్చింది, రిటార్ట్ల వేడి సరిగ్గ అందక. కోట్ల కొద్ది డబ్బాలు వెనక్కి తీసుకున్నరు. ఆ విషానికి ఒక్కోసారి రుచి, వాసన ఏమీ ఉండవు, అందుకే అనుమానం ఉంటే నాలికె మీద పెట్టి చూసుడు కూడ వద్దు. విప్పినంక మిగిలింది డబ్బాల ఉంచకుండ గిన్నెల వేసి ఫ్రిజ్‌ల పెట్టి మూడు నాలుగు రోజులల్ల తినేయాలె.

జిమ్_నాగార్జునసాగర్
టర్కీ కోడి చిల్లీ వస్తది అక్కా, అది తినమను. నేను షికాగోల ఉన్నప్పుడు అదే తిన్న, కప్పుకు కొవ్వు 3 గ్రాములే, ప్రొటీన్ 17, కేలరీలు 200

స్టాఫ్_నర్స్_నాగర్‌కర్నూల్
కొవ్వు తగ్గుతది, మంచిదే. మరి అందుల సోడియం ఎంతుండె?

జిమ్_నాగార్జునసాగర్
... గది చూడలే. ఆగు పాత ఫోటో ఉన్నది
1190

పాలమూరు_కాక
😂😂 కోడి మారింది, ఉప్పు మారలే

స్టాఫ్_నర్స్_నాగర్‌కర్నూల్
అదే చెప్తున్న. "లీన్", "హై ప్రొటీన్" అని ముందల పెద్దక్షరాలల్ల రాస్తరు, ఉప్పు మాట ఎనుక చిన్నక్షరాలల్ల ఉంటది. శాతం 5 లోపల ఉంటే తక్కువ, 20 దాటితే ఎక్కువ అని గుర్తుపెట్టుకొమ్మనండి, ఇది 50 దాటింది. తక్కువ సోడియం చిల్లీలు కూడ దొరుకుతయి. ఇంకో మాట, కిడ్నీ జబ్బు ఉన్నోళ్లు ఈ దారం చదువుతుంటే ప్రొటీన్ మంచిదని దీన్ని తెచ్చుకోవద్దు, బీన్స్, టమాట రెండిట్ల పొటాషియం ఎక్కువ. మా వార్డుల డయాలసిస్ పేషెంట్లు "ఆకుకూర కాదు కదా సిస్టర్" అని టమాట చారు తాగి వస్తరు.

సూర్యాపేట_బుల్లెట్
దారం ఏంది సిస్టర్ కుట్టుమిషనా, థ్రెడ్ అనుండ్రి

నల్లగొండ_అక్క
ఇవన్నీ మావోనికి చదివి వినిపించిన. "మరి ఏం తినాలె, గడ్డా" అన్నడు. వాని మాట కూడ నిజమే, నేను ఇక్కడ కూసొని చెప్పుడు సులువు. బంద్ అనకుండ చెప్పండి ఏమన్నా

వనపర్తి_టు_హ్యూస్టన్
బంద్ అవసరం లేదు. సగం డబ్బా గిన్నెల వెయ్యాలె. "నో సాల్ట్ యాడెడ్" అని రాసి ఉన్న రాజ్మా డబ్బా ఇంకోటి తెచ్చి అది సగం కలపాలె, ఒక ఉల్లిగడ్డ, ఒక టమాట పచ్చియి కోసి మీద వేసి, నిమ్మకాయ పిండుకోవాలె. గిన్నె నిండుతది, ప్రొటీన్ పెద్దగ తగ్గది, ఉప్పు సగం. నేనైతే ఇంకా ఉప్పు తక్కువ అనిపిస్తే జీలకర్ర పొడి, కారం వేస్త. చిల్లీ మసాలాల అసలు వాసన జీలకర్రదే, మనోళ్ల నాలికెకు అందుకే అంత తొందరగ పడుతది.
ఆదివారం టైం ఉంటే ఖీమాతోని ఇంట్లనే వండుకోవచ్చు, నాలుగు డబ్బాల్ల పెట్టి ఫ్రీజర్ల వేస్తే వారం గడుస్తది. ఒక్క జాగ్రత్త, ఎండు రాజ్మా ముందుగాల బాగ మరిగించకుండ స్లో కుక్కర్ల వెయ్యొద్దు. రాజ్మాల ఒక విషగుణం ఉంటది, బాగ మరిగితేనే పోతది, స్లో కుక్కర్ వేడి దానికి సరిపోదు. నా రూమ్మేట్ ఒకసారి అట్ల చేసి తెల్లారేదాక బాత్రూంల నుంచి రాలే. రాత్రంత నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ప్రెషర్ కుక్కర్ల మెత్తగ ఉడికిస్తే ఏ భయం లేదు. డబ్బాలది ముందే ఉడికింది కాబట్టి దానికి ఈ బాధ లేదు.

జొన్నరొట్టె_బ్యాచ్
రాజ్మా బదులు అనుములు వేస్తే? మా దిక్కు అనుముల గుడాలు ఉంటయి, ఖీమాల వేస్తే అదిరిపోతది

పాలమూరు_కాక
పేరు మార్చి పాలమూరు చిల్లీ అని అమ్ము

ఆవకాయ_వకీల్
వనపర్తి అన్న పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. కానీ దాంట్ల పక్కకు చిప్స్, పైన చీజ్ వేసుకుంటే లెక్క మళ్లీ మొదటికొస్తది, అక్కడి పోరగాళ్లు ఉప్పు బిస్కెట్లు నలిపి వేసుకుంటరు అండ్ల

నల్లగొండ_అక్క
(మూడు వారాల తర్వాత) అప్డేట్. సగం డబ్బా పద్ధతి చేస్తుండు, వారంల మూడు రోజులే. మిగిలిన రోజులు గుడ్లు, పప్పు. మొన్న మళ్లీ బీపీ చూపిచ్చుకుండు, 134/86

స్టాఫ్_నర్స్_నాగర్‌కర్నూల్
తగ్గింది, సంతోషం, కానీ చిల్లీ వల్లనే అని ఇప్పుడే అనకండి, రెండుసార్ల రీడింగ్‌తోని తేలది. ఇంకా ఎక్కువే అది. డాక్టర్‌కు చూపించుకొమ్మనండి, వదలకండి.

నల్లగొండ_అక్క
అపాయింట్‌మెంట్ తీసుకున్నడు సిస్టర్. ఇంకొక సంగతి కూడ చెప్పాలె, నవ్వొద్దు. అమ్మ "డబ్బా కూర తినుడు తగ్గిచ్చిండు, నా బిడ్డ సప్పిడి తిండి తింటుండు" అని బాధపడి, నాకు చెప్పకుండ కొరియర్ల మామిడికాయ తొక్కు మూడు కిలోలు పంపింది. నిన్న ముట్టిందట.

లెక్కల_మాస్టర్_నకిరేకల్
వకీల్ గారి కొలతల ప్రకారం మూడు కిలోలల్ల ఉప్పు 300 గ్రాములు

ఆవకాయ_వకీల్
నన్ను ఇందులకు గుంజకండి, నేను ఇప్పుడే అన్నంల కలుపుకున్న